మా ఆయన కుర్చీ బొంత

నాలుగు కుట్టుపనులు ఒకేసారి నడుపుతున్నానంటే జనం నన్ను పెద్ద పనిమంతురాలనుకుంటారు. అదేం లేదు. నేను మొదలుపెట్టడంలో దిట్టని. పూర్తి చేయడం వేరే విద్య, అది నాకు ఎవరూ నేర్పలేదు. పోయిన చలికాలం మా అమీర్‌పేట ఫ్లాటులో పరిస్థితి ఎలా ఉండేదో చెబుతాను, మీరే చూడండి.

మొదటిది నెమలి. టేబుల్‌క్లాత్ మధ్యలో పురివిప్పుకుని నిలబడాల్సిన నెమలి. మా అమ్మాయి పదో తరగతిలో ఉండగా మొదలుపెట్టాను. అమ్మాయి ఇంజినీరింగ్ చదివింది, ఉద్యోగంలో చేరింది, పెళ్ళి చేసుకుంది, నెమలికి మాత్రం ఇంకా కాళ్ళు రాలేదు. అన్ని ఈకలు ఓపిగ్గా కుట్టినదాన్ని రెండు కాళ్ళ దగ్గర బద్ధకించాను. అది గాల్లో తేలుతూ, ఉన్న ఒక్క కంటితోనూ నన్నే చూస్తుంటుంది. పక్కకి తిరిగిన నెమలి లెండి, రెండో కన్ను ఎగ్గొట్టానని అనుకోకండి.

రెండోది ఎర్రమంజిల్ క్వార్టర్స్‌లో ఉండే మా చెల్లెలి జాకెట్టు. చేతుల మీద తామరపువ్వులు కావాలంది. కుడి చేతి మీద తామరపువ్వే వచ్చింది. ఎడమ చేతి మీద క్యాబేజీ వచ్చింది. అదే సూది, అదే దారం, అదే నేను, ఎందుకలా అయిందో ఆ దేవుడికే తెలియాలి. ఫోటో పంపితే, "పోనీలే అక్కా, ఎడమ చేతి మీద పైట ఉంటుందిగా" అంది. అదీ మంచిపిల్ల అంటే.

మూడోది కింది ఫ్లాటు వదినది. వదిన అంటే చుట్టరికం ఏమీ లేదు, నేను ఆవిడని వదినా అంటాను, ఆవిడ నన్ను వదినా అంటుంది, అంతే. బల్కంపేటలో పుట్టి పెరిగిన క్రైస్తవుల ఆడపడుచు, టీచరుగా రిటైరైంది. వాళ్ళ చర్చిలో పాస్టరుగారి ముందుండే బల్ల మీద పరచడానికి ఒక తెల్లగుడ్డ, దాని అంచు చుట్టూ ద్రాక్షగుత్తులు. ఒక్కో ద్రాక్షపండూ ఒక ముడి. గుత్తికి ఎన్ని పండ్లో, గుడ్డకి ఎన్ని గుత్తులో లెక్కపెడితే నా కళ్ళు తిరుగుతాయి.

"జర జల్ది కుట్టు వదినా, క్రిస్మస్ ఒస్తుంది" అనేది కనబడ్డప్పుడల్లా. "పోయినేడు సుత గిట్లనే అన్నవ్ నువ్వు."

"ఈసారి ఖాయం వదినా" అనేదాన్ని. పోయినేడూ అదే అన్నాను మరి.

ఇక నాలుగోది. ఈ గొడవంతా దాని గురించే.

ఎస్.ఆర్. నగర్‌లో కాపురముంటున్న మా అమ్మాయిని దసరా వెళ్ళగానే పురిటికి ఇంటికి తీసుకొచ్చాం. అంతకు ముందొకసారి ఐదో నెలలో కడుపు పోయింది దానికి. అందుకని డాక్టరమ్మ ఈసారి ఎక్కువసేపు పడుకునే ఉండమంది. హాల్లో దివాన్ మీద పడుకుని, పక్కన లాప్‌టాప్ పెట్టుకుని, ఆఫీసువాళ్ళతో మాట్లాడుతూ ఉండేది. ఆఫీసువాళ్ళతో గట్టిగానే మాట్లాడేది, మాతోనే తక్కువ. కాన్పు డిసెంబరులో అన్నారు. డిసెంబరు తర్వాత సంగతి ఏది ఎత్తినా, "చూద్దాంలే" అని ముఖం అటు తిప్పేసుకునేది.

మా వైపు బిడ్డ పుట్టకముందు ఏమీ కొనకూడదు, ఏమీ కుట్టకూడదు. పుట్టాక కూడా వెంటనే కొత్తబట్ట తగలనివ్వరు. పెద్దవాళ్ళు వాడివాడి, ఉతికిఉతికి మెత్తబడ్డ పాత నూలుగుడ్డలోనే మొదట చుట్టాలి. ఈ చట్టాన్ని మా ఇంట్లో అమలుచేసే అధికారి మా అత్తగారు. ఎనభై దాటినా చెవులూ కళ్ళూ ఏమాత్రం తగ్గలేదు. ఇంట్లో సూది కింద పడితే తన గదిలోంచే, "అమ్మాయ్, ఏదో పడింది చూడు" అంటారు.

కానీ నన్ను ఆపింది అత్తగారు కాదు, మా అమ్మాయే. వచ్చిన రోజు సాయంత్రం నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"అమ్మా, ఏమీ కొనద్దు. ఏమీ కుట్టద్దు. నాన్నమ్మ చెప్పిందని కాదు. పోయినసారి నేను కొన్న బుల్లి మేజోళ్ళు ఇంకా మా బీరువాలోనే ఉన్నాయి. పారేయలేను, చూడలేను. మళ్ళీ అలాంటిది ఇంకోటి దాచాల్సివస్తే నావల్ల కాదమ్మా."

సరేనన్నాను. ఏమంటాను? వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. ఏడ్చాక ముక్కు చీదుకుని ఆలోచించాను. నోరు సరేనంది కానీ నా చేతులు ఊరుకునే రకం కావు. నాకు బెంగ పుడితే చేతులు దురద పెడతాయి. పైగా ఆ బెంగ ఎవరి మీదో, దురద దేనికో నాకు తెలుసు. నా పాత నూలు చీరలు మంచం కింద పెట్టెలో ఎదురుచూస్తున్నాయి. చిన్న బొంత. పొరల మీద పొరలు వేసి, సాదా కుట్టు దగ్గరదగ్గరగా వేసుకుంటూ పోతే ఉండే హాయి చెబితే అర్థమయ్యేది కాదు.

మా ఆయన ఊళ్ళో లేనప్పుడు కుట్టాలన్నా ఆయన ఏ ఊరూ వెళ్ళరు. అమ్మాయి నిద్రపోయినప్పుడు కుట్టాలన్నా అది పగలు నిద్రపోదు. కాబట్టి అందరి ఎదురుగానే కుట్టాలి, వేరే పేరుతో కుట్టాలి. పైన ముక్కల అతుకుల వరస పెడదామనుకున్నాను. ముక్కలన్నీ ఒకే కొలతలో రావాలంటే గట్టి కాగితం కావాలి. అమీర్‌పేటలో కాగితానికేం కొదవ? మ్యాచింగ్ సెంటరుకు వెళ్ళి దారపు లచ్చి కొనుక్కుని వచ్చేలోపు కోచింగ్ సెంటర్ల పాంప్లెట్లు గుప్పెడు అంటగడతారు. అరవైకి దగ్గరపడ్డ నాకు, చేతిలో కూరగాయల సంచీతో ఉన్న నాకు, "మేడమ్, ఫ్రీ డెమో మేడమ్" అంటూ! పోనీ అని అన్నీ తీసుకునేదాన్ని. నున్నటి గట్టి కాగితం, చతురస్రాలుగా కత్తిరిస్తే అచ్చు దింపినట్టుండేవి. ముక్కగుడ్డని కాగితం మీదకి మడిచి కుట్టి, అతుకు పడ్డాక కాగితం లాగేయడమే.

నాలుగు ముక్కలు అతికానో లేదో, దివాన్ మీంచి ప్రశ్న వచ్చింది. "అదేంటమ్మా?"

"మీ నాన్నకి" అన్నాను తడుముకోకుండా. "కుర్చీలో వేసుకోవడానికి. నడుము నొప్పట."

నడుము నొప్పి అని ఆయన నాతో ఎన్నడూ అనలేదు. పేపరు వెనకనుంచి ఆయన తల మెల్లిగా పైకి లేచింది.

"నాకా?" అన్నారు.

ఆ గొంతు విని నాకు ఒక్క క్షణం జాలేసింది. "పెళ్ళయినప్పటినుంచీ నాకు ఒక జేబురుమాలు కూడా కుట్టిపెట్టలేదు నువ్వు" అన్నారు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. అబద్ధం ఇంత బాగా అతుకుతుందని నేననుకోలేదు.

అక్కడినుంచి ఆయనతో పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, "ఈ పసుపు ముక్క పక్కన ఆకుపచ్చది వేయకూడదూ?" అంటూ సలహాలు. కత్తెర అందించడం. దారం కొస నాకంటే ముందు వెతకడం. వాచ్‌మన్‌కి చెప్పారు, పార్కులో వాకింగ్ మిత్రులకి చెప్పారు, పాలవాడికి కూడా చెప్పారు. ఒకరోజు లిఫ్టులో ఎవరో పెద్దాయన నన్ను ఆపి, "మీవారికి మీరు బొంత కుడుతున్నారటగా, అదృష్టవంతుడండీ" అన్నాడు. ఆయనెవరో నాకు ఇప్పటికీ తెలీదు.

అంచులు కట్టకముందే ఓ మధ్యాహ్నం ఆయన దాన్ని కుర్చీలో పరుచుకుని కూర్చున్నారు. కూర్చోగానే కరకరమంది. లేచారు. మళ్ళీ కూర్చున్నారు. మళ్ళీ కరకర.

"ఏమోయ్, ఇందులో అప్పడాలు పెట్టావా?"

ఒక కాగితం లాగడం మరిచిపోయాను. ఇంకా కట్టని అంచులోంచి వేలు దూర్చి లాగితే పాంప్లెట్ ముక్క వచ్చింది. దాని మీద ఎర్రక్షరాలతో "ఉద్యోగం గ్యారంటీ" అని ఉంది. మా అమ్మాయి దివాన్ మీద పొట్ట పట్టుకుని నవ్వింది. మా ఇంటికి వచ్చాక అది అలా నవ్వడం అదే మొదటిసారి. నవ్విన తర్వాత బొంత వంక ఒకసారి చూసి, గబుక్కున లాప్‌టాప్‌లోకి తల దించేసింది.

అంచులు కట్టేశాక బొంత ఇక నా చేతికి దొరకలేదు. పొద్దున కాఫీ దాని మీద, పేపరు దాని మీద, భోజనం తర్వాత కునుకు దాని మీద. నాకు కడుపు మండిపోయేది. ఎవరి కోసం కుట్టాను, ఎవరు కూర్చున్నారు! బయటికి అంటే అమ్మాయి వింటుంది. మింగలేను, కక్కలేను. చివరికి ఓ ఉపాయం తోచింది. ఆయనకి వేరే మంచి కుర్చీ దిండు కుట్టి, బొంత లాక్కుందామనుకున్నాను. అలా నా నాలుగు పనులు ఐదయ్యాయి. రంగురంగుల గొలుసు కుట్టు పూలతో రెండు రోజుల్లో దిండు ముగించాను. ఆ బొంత కాక నా జీవితంలో పూర్తిగా ముగించిన పని అదొక్కటే. ఆయన కూర్చున్నారు. కూర్చున్నంత వేగంగానే లేచారు.

"చంపేశావే!" అని అరిచారు.

సూది అందులోనే ఉండిపోయింది. ఇక ఆ దిండు జోలికి ఆయన రాలేదు. బొంతని మరింత గట్టిగా పట్టుకున్నారు.

"చూశారా అత్తయ్యగారూ, మీ అబ్బాయి దాన్ని వదలడం లేదు" అని ఉండబట్టలేక అన్నాను అత్తగారితో. ఆవిడ తమలపాకు ఈనె తీస్తూ, "కూర్చోనీవే. నీ సొమ్మేం పోయింది?" అన్నారు. కన్నకొడుకు కదా, పక్షపాతం ఎక్కడికి పోతుంది అనుకుని నాలో నేనే సణుక్కున్నాను.

నవంబరు చివర్లో ఒకరోజు అల్లుడు వచ్చి అమ్మాయిని పంజాగుట్టలో స్కానింగుకి తీసుకెళ్ళాడు. పోయినసారి కబురు తెలిసింది కూడా అలాంటి స్కానింగులోనే. నేను వెంట వస్తానంటే, "వద్దమ్మా, నీ మొహం చూస్తే నాకు ఇంకా భయం" అంది. ఇంట్లో కూర్చుని ఏం చేయను? వదిన గుడ్డ ఒళ్ళో వేసుకుని ద్రాక్షపండ్లు మొదలుపెట్టాను. ముడి మీద ముడి. గోడ గడియారం వంక చూడకూడదని వంచిన తల ఎత్తలేదు. ఆ గంటలో కుట్టినన్ని పండ్లు ఆ ఏడాదంతా కుట్టి ఉండను. ఇంతలో బెల్లు మోగింది. అమ్మాయేనని లేచి పరుగెత్తి తలుపు తీశాను. ఎదురుగా వదిన. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"గిదేంది వదినా? బల్ల గుడ్డ కట్టుకొని తిరుగుతున్నవ్?"

వంగి చూసుకుంటే, పాస్టరుగారి ద్రాక్షతోటంతా నా చీర కుచ్చిళ్ళకి వేలాడుతోంది. ఒక గుత్తి మొత్తం గుడ్డనీ చీరనీ కలిపి కుట్టేశాను. వదిన నవ్వీ నవ్వీ చెప్పుల స్టాండు పట్టుకుంది. నవ్వు ఆపుకుని, "బిడ్డ ఎట్లున్నది? స్కానింగ్ అయిందా?" అని అడిగింది. అంతే, నాకు భళ్ళున ఏడుపొచ్చింది. గుమ్మంలోనే, గుడ్డ అలా వేలాడుతుండగానే.

"వదినా, నాకు భయంగా ఉంది. ఈసారి కడుపులో బిడ్డకేమన్నా అయితే మా పిల్ల తట్టుకోలేదు" అన్నాను. అంతవరకూ ఆ మాట ఎవరితోనూ పైకి అనలేదు.

"నాకు ఎర్క లేదా? దినాం ప్రార్థన జేస్తనే ఉన్న" అంది వదిన. నన్ను లోపలికి నడిపించి, కూర్చోబెట్టి, కత్తెర తీసుకుంది. "ఫికర్ జేయకు. ముందుగాల గీ ద్రాక్షపండ్లు తెంపుదాం."

"గుడ్డ కోయకు వదినా, చీర కోసెయ్" అన్నాను.

"చీరనే కోస్త. దేవుని గుడ్డ ఎట్ల కోస్త?" అని నా చీర కుచ్చిళ్ళలో ఇంత కన్నం చేసింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. అల్లుడు. అంతా బాగుందట. గుండె టకటకా కొట్టుకుంటోందట. నేను ఫోను చెవిదగ్గరే పట్టుకుని ఇంకోసారి ఏడ్చాను, ఈసారి వదిన కూడా ఏడ్చింది. అల్లుడు పాపం, "ఏమైందత్తయ్యా, ఎందుకేడుస్తున్నారు?" అని కంగారు పడిపోయాడు.

ఆ తర్వాత వారమో పది రోజులో గడిచాయి. అమ్మాయి స్నానానికి వెళ్ళింది. నేను బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నాను. హాల్లోంచి అత్తగారి గొంతు వినిపించింది, చిన్నగా, కానీ కోపంగా.

"ఒరే అబ్బాయ్, ఇవాళ కూర్చోలేదేంరా?"

"పొద్దున కూర్చున్నానుగా అమ్మా."

"అదేం కూర్చోవడం? పేపరు చదివినంతసేపు! ఇటు చూడు, మధ్యలో మెత్తబడింది కానీ ఈ మూల ఇంకా కొత్తదానిలాగే గరుగ్గా ఉంది. రేపు పసిదాని ఒంటికి గీసుకోదూ? కాస్త ఇటు జరిగి కూర్చో."

"నడుము పట్టేసిందే అమ్మా, నిజంగానే."

"పట్టనీ. మనవడో మనవరాలో వస్తుంటే తాతకి ఆ మాత్రం నడుము పట్టకూడదా? రాత్రి ఉతికి ఆరేశావా లేదా?"

"ఉతికాను. బాత్రూములో, ఎవరూ చూడకుండా."

తడిచీర నా చేతిలో అలాగే ఉండిపోయింది. చీరలు పాతవైనా అతుకు కొత్తది, దారం కొత్తది. వాడని బొంత బిడ్డకి తగలకూడదు. ఆ సంగతి నాకు తట్టనే లేదు. అత్తగారికి తట్టింది. నేను తొలి ముక్క అతికిన రోజే అదేమిటో ఆవిడకి తెలిసిపోయి ఉంటుంది. కొడుక్కి చెప్పారు, నాకు చెప్పలేదు. చెబితే నా మొహంలో అమ్మాయి చదివేస్తుందని. ఆయనేమో ఇన్నాళ్ళూ ఊరందరి ముందు మురిసిపోయిన భర్త వేషం వేశారు. నాకు కోపం రావాలి, రాలేదు. బట్టల తీగ పట్టుకుని నవ్వాను. కళ్ళలో నీళ్ళు ఎందుకొచ్చాయో మరి, నవ్వుకే అయ్యుంటుంది. నాకు తెలిసిపోయిందని వాళ్ళకి చెప్పలేదు. ఆ మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే వెళ్ళి, "కాస్త ఆ మూలకి జరగండి, మెడ వాలిపోతోంది" అన్నాను. కళ్ళు తెరవకుండానే జరిగారు.

డిసెంబరు రెండో వారంలో ఒకరోజు పొద్దున టిఫిన్ల వేళ నొప్పులు మొదలయ్యాయి. అల్లుడు కారు తెచ్చాడు. నేను చేతికి దొరికిన సంచీ పట్టుకుని ఎక్కాను. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర బండ్లు ఒక్క అంగుళం కదలలేదు. ముందు సీట్లో నేను, వెనక నొప్పులతో అమ్మాయి, కారు పక్కన దారివ్వని ఆటోవాడు. "జర జరుగు అన్నా, కాన్పు కేసు!" అని నేను కిటికీలోంచి తల బయటికి పెట్టి అరిచిన అరుపుకి ట్రాఫిక్ పోలీసే పరుగెత్తుకొచ్చి దారి ఇప్పించాడు. కోస్తా నుంచి వచ్చి ఇన్నేళ్ళయినా నా నోట జర అన్న మాట రావడం అదే మొదలు.

మధ్యాహ్నం దాటాక ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం అన్నారు. నర్సు బయటికి వచ్చి, "మెత్తటి పాతబట్ట తెచ్చుకున్నారా అమ్మా?" అని అడిగింది. సంచీ తెరిచాను. అందులో కాళ్ళు లేని నెమలీ, క్యాబేజీ జాకెట్టూ, మూడు రంగుల దారపు లచ్చులూ ఉన్నాయి. నర్సు నెమలి వంకా నా వంకా చూసింది. ఏం చెప్పాలో తెలియక, "ఇంకా పూర్తి కాలేదమ్మా" అన్నాను.

అప్పుడే లిఫ్టులోంచి మా ఆయన దిగారు. అత్తగారిని కూడా వెంటబెట్టుకుని వచ్చారు. భుజం మీద బొంత, ఉతికి మడతపెట్టి ఉంది. నర్సు చేతికి ఇస్తూ, "జాగ్రత్తమ్మా, చాలా కష్టపడి కూర్చున్నాను" అన్నారు. నర్సుకి ఒక్క ముక్క అర్థమై ఉండదు.

మమ్మల్ని లోపలికి పంపేసరికి పిల్ల బొంతలో చుట్టుకుని అమ్మాయి పక్కన ఉంది. ఎర్రగా, ముఖం చిట్లించుకుని, అచ్చం మా అత్తగారిలాగే. మా అమ్మాయి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. బొంత అంచు వేళ్ళతో తడుముతోంది. నేను భయపడ్డాను. వద్దన్నా కుట్టాను కదా, ఏమంటుందోనని గుమ్మంలోనే నిలబడ్డాను.

"నాన్నకి నడుము నొప్పా?" అంది నా వంక చూసి. "నాకు మొదటి రోజే తెలుసమ్మా. నాన్న కూర్చున్నన్నాళ్ళూ అది నాన్నదిలే, దాచాల్సిన వస్తువు కాదులే అనుకుని ధైర్యంగా ఉండేదాన్ని."

వెళ్ళి దాని నుదుటి మీద చెయ్యి వేశాను. ఇంతలో పిల్ల కెవ్వుమంది. చూస్తే బొంత ఒక మూలంతా తడిసిపోయింది, అత్తగారు గరుగ్గా ఉందన్న ఆ మూలే.

"అయ్యో, తడిపేసింది!" అంటూ మా అమ్మాయి నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "ఇంకోటి మొదలుపెట్టమ్మా. ఇవాళే. దీనికి ఒకటేం సరిపోతుంది? ఎండాకాలానికి పల్చటిది కావాలి. పాకే నాటికి పెద్దది కావాలి. బడికెళ్ళేటప్పుడు మధ్యాహ్నం పడుకోవడానికి ఒకటి ఇవ్వాలి." ఊపిరి తీసుకుని తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, అన్నిటి మీదా నువ్వే కూర్చోవాలి మరి."